లియాఖత్ తోలు పట్టీ

ఇంట్లోంచి బయలుదేరే ముందు లియాఖత్ కుడి భుజాన్ని ఒకసారి పైకి ఎగరేస్తాడు, అక్కడున్న తుపాకీని సర్దుకుంటున్నట్టు. తుపాకీ ఉండదు. సింగపూరులో రైఫిల్ ఇంట్లో పెట్టుకోనివ్వరు. అందుకని వై టూ కే పనికి వచ్చిన ఈ హైదరాబాదీ ప్రోగ్రామరు, పాత జర్మన్ సైనిక రైఫిళ్ల తోలు పట్టీలు మాత్రం సేకరించి బాగుచేస్తాడు.

1916 నాటి పట్టీకి మూడు నెలలు నూనె పట్టించాడు. అది మెత్తబడి మెరిసింది. ఆ ఆదివారం దాన్ని భుజాన వేసుకుని భార్య రాబియాతో తిండి దుకాణాలుండే హాకర్ సెంటరుకు వెళ్లాడు. బల్ల తమదని చోప్ చేయడానికి అందరూ టిష్యూ ప్యాకెట్ పెడతారు. వాళ్ల దగ్గర అది లేదు. పట్టీ పరిచి తిండి తేవడానికి వెళ్లారు.

వచ్చేసరికి క్లీనర్ ఆంటీ ఆ పట్టీతో ఎంగిలి పళ్లాల బండిని బిగించి కట్టేసింది.

"ఆంటీ, అది నాది. బల్ల చోప్ చేశాను."

"చోప్‌కి టిష్యూ పెడతారు లా. ఎవరి బెల్టో, ప్యాంటు జారిపోయుంటుందనుకున్నా," అంది ఆంటీ సింగపూరు యాసలో.

"ఇప్పుడు విప్పకు జీ," అంది రాబియా. "పళ్లాలన్నీ నీ మీదనే పడ్తయ్."

"రేపు ఇంకో పట్టీ తెస్తాను. అప్పుడు ఇది నాకిచ్చేయండి," అని బతిమాలాడు లియాఖత్. ఆంటీ సరేనంది.

మర్నాడు పొద్దున, ఇంకా బాగుచేయని పట్టీ ఒకటి తీసుకెళ్లాడు. ఆంటీ రెండింటినీ లాగి చూసింది.

"ఇది పాతది లా. నాకు కొత్తదే ఉండనీ."

ఎనభై మూడేళ్ల పట్టీని కొత్తదన్న మనిషికే దాన్ని వదిలేశాడు. ఎండిన పట్టీని భుజాన వేసుకుని, ఒకసారి ఎగరేసి, రైలెక్కాడు.