ఎకో పెడల్ మీద నా చెయ్యి

ఎవరైనా గిటార్ వాయిస్తుంటే నా కుడిచెయ్యి దానంతటదే ఒళ్లోకి ముడుచుకుంటుంది. చూసినవాళ్లు అలవాటనుకుంటారు. కాదు. ఆ చేత్తో నేను చేసిన పని ఒకటి ఏళ్లుగా నా గుండె మీద బండలా ఉంది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరు సుజాతను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

సుజాత, నేను పోర్ట్ బ్లెయిర్‌లో కలిసి చదువుకున్నాం. ఇద్దరి తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లే. ఇంట్లో తెలుగు, బయట హిందీ, మా మాటల్లో రెండూ కలిసిపోయేవి. తను గిటార్ వాయించేది. నాకు వాయించడం రాదు. కానీ బ్రూక్షాబాద్‌లో వాళ్ల రేకుల ఇంట్లో, వాన చప్పుడుకు పోటీగా తను సాధన చేస్తుంటే పక్కనే కూర్చునేదాన్ని. ఆ సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పటికీ వాళ్లమ్మ వేయించే ఎండుచేపల వాసన వస్తుంది. అంత సుఖంగా నేను మళ్లీ ఎక్కడా కూర్చోలేదు.

పూజ పందిళ్లలో వాయించమని పిలుపులు వచ్చేవి. వాళ్లమ్మది ఒకటే షరతు, చీర కట్టుకునే స్టేజి ఎక్కాలి. గిటార్ శబ్దాన్ని మార్చే పెడల్స్ కాళ్ల దగ్గర ఉంటాయి, కాలితో నొక్కాలి. ఒకసారి కుచ్చిళ్లు వాటికి చిక్కుకుని సుజాత బోర్లా పడబోయింది. అప్పటినుంచి పెడల్స్ నా పని. స్పీకర్ పెట్టె వెనక నేలమీద కూర్చుని చేత్తో నొక్కేదాన్ని. కాలితో అయితే నొక్కడమే; చేత్తో అయితే పాట నడుస్తుండగానే వాటి నాబ్‌లు తిప్పొచ్చు, ఎకోను మెల్లగా పెంచొచ్చు, తను ఊపిరి తీసుకునే చోట తగ్గించొచ్చు. తను కుడిమడమ ఎత్తితే ఎకో వెయ్యమని గుర్తు. అది మా ఇద్దరికే తెలుసు. జనం చప్పట్లు కొడుతుంటే సగం నావే అనుకునేదాన్ని. తప్పా?

ఒక ఏడాది, బీచ్ దగ్గరి హోటల్ మేనేజర్ సుజాత వాయిస్తుంటే వినడానికి పందిరికి వస్తున్నాడని తెలిసింది. నచ్చితే రోజూ సాయంత్రం అక్కడ వాయించే ఉద్యోగం. సుజాత గెంతుతూ వచ్చి చెప్పింది. “అక్కడ ప్యాంటేసుకోవచ్చంట! నా పెడల్స్ నేనే తొక్కుకుంటాను, బస్, అంతే!”

నేను నవ్వాను. లోపల ఒళ్లు మండింది. తను నన్ను వద్దనలేదు, అసలు నా సంగతే తట్టలేదు. దాన్నే నేను తట్టుకోలేకపోయాను.

మేనేజర్ వచ్చిన సాయంత్రం తన పెద్ద పాట. అందులో తను ఒక స్వరం మీటి ఆగుతుంది. ఆ ఖాళీలో ఎకో తిరిగొచ్చి రెండో గిటార్ ఉన్నట్టు పలుకుతుంది. ఎకో లేకపోతే అది పాటే కాదు. ఆ చోటు వచ్చింది. నా చెయ్యి పెడల్ మీదే ఉంది. నొక్కలేదు. స్వరం, ఖాళీ. స్వరం, ఖాళీ. ముందు వరుసలో ఎవరో నవ్వారు. సుజాత వెనక్కి తిరిగి చూసింది, వేళ్లు తడబడ్డాయి, పాట మధ్యలోనే ఆపేసింది. మేనేజర్ టీ తాగి వెళ్లిపోయాడు.

పందిరి వెనక నన్ను పట్టుకుంది.

“ఏటయిందే? ఎకో రాలేదేటి?”

“నువ్వు మడమ ఎత్తలేదు కదే.”

“ఎత్తలేదా? సచ్ మే?”

“చూస్తూనే ఉన్నాను. ఎత్తలేదు.”

తను కాసేపు తన కాలివైపే చూసుకుంది. “కంగారులో మర్చిపోయుంటాను. నువ్వేటీ ఫీలవకు యార్.”

నన్ను ఓదార్చింది! ఆ తర్వాత తను మళ్లీ స్టేజి ఎక్కలేదు. నా కాలు నా మాట వినదు అనేది. ఇప్పుడు గరాచర్మలో ఉంటోంది, ఏదో ఆఫీసులో పని. పెళ్లిళ్లలో కలిస్తే ఆ కథ తనే నవ్వుతూ చెబుతుంది, తన ఉద్యోగం తన మడమే పోగొట్టిందని. అందరితో పాటు నేనూ నవ్వుతాను. నాది అసూయా? వదిలేసి పోతుందన్న భయమా? ఏ పేరు పెట్టుకున్నా, తనను ఆపి నేను బావుకున్నదేమిటి? ఆ రేకుల ఇంటి సాయంత్రాలు కూడా ఆ రోజుతోనే పోయాయి.

తనకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందని మాటివ్వలేను. కానీ నిజం ఎక్కడో ఒకచోట ఉండాలి, రాస్తుంటే చెయ్యి కొంచెం తేలికపడింది. ఆ రోజు ఆకుపచ్చ చీర అంచు కింద సుజాత కుడిమడమ లేచింది. సరిగ్గా లేవాల్సిన చోటే లేచింది. నేను చూశాను.