కుందూ ఇసుకలో కొయ్యచక్రం

సభల్లో నాకు భయం తెలియదు. పేడముద్దలు వచ్చి మీద పడుతున్నా మాట మధ్యలో ఆపలేదు. శకునం, ముహూర్తం, దయ్యం, దిష్టి, వీటిలో దేన్నీ లక్ష్యపెట్టలేదు. కానీ బావి లోపలికి తొంగిచూడమంటే ఈనాటికీ నా వల్ల కాదు. విగ్రహాలకు భయపడనివాడు నీళ్లకు భయపడతాడేమిటని స్నేహితులు నవ్వుతారు. నా భయం నీళ్లంటే కాదు, ఇసుకంటే.

అప్పుడు నేను కోయిలకుంట్లకు దూరంగా, కుందూ ఒడ్డున ఒక పల్లెలో బడిపంతులుగా ఉండేవాణ్ణి. ఆ ఏడు వాన చుక్క లేదు. ఊళ్లో మంచినీళ్ల బావి ఉంది. పంచమవాడ వాళ్లు దాని గట్టు తాకరాదు. కుండలు పెట్టుకొని ఎడంగా కూర్చోవాలి. దయగల ఇల్లాలు ఎవరైనా వస్తే పోస్తుంది, రాకపోతే లేదు. ఎండాకాలంలో వాళ్లు ఏటి ఇసుకలో చెలమలు తోడుకునేవారు. చెలమ లోతయ్యేకొద్దీ అంచులు కూలతాయి. ఆ వాడలో ఒక ముసలమ్మ పెద్దకొడుకు అలా చెలమలోనే పూడిపోయాడు. కుండలో సగం నీళ్ల కోసం ప్రాణం పోయింది. ఊళ్లో వాళ్లు దాన్ని గంగమ్మ కోపమన్నారు. పక్కనే నిండు బావి పెట్టుకొని ఆ మాట అనడానికి వాళ్లకు నోరెలా వచ్చిందోనని నాకు ఒళ్లు మండిపోయింది.

మేం కొందరం పూనుకొని పంచమవాడకు సొంత బావి తవ్వించాలని నిశ్చయించాం. దొరికిన జాగా ఏటి ఒడ్డున, అంతా ఇసుక. ఒట్టి గొయ్యి నిలవదు. అటువంటి చోట ముందు నేల మీద తుమ్మకొయ్యతో మనిషి నిలువుకు మించిన వెడల్పున ఒక చక్రం పరుస్తారు, నడిమి భాగం ఖాళీగా. దాని మీద ఇటుక గోడ గుండ్రంగా కడతారు. మనిషి లోపల కూర్చొని కొయ్య కింద ఇసుక తీస్తుంటే గోడ బరువుకు చక్రం దిగుతూ పోతుంది. చక్రం కచ్చితంగా గుండ్రంగా ఉంటే అన్ని పక్కలా సమంగా దిగుతుంది. ఒకచోట ఉబ్బి ఉంటే ఆ పక్క ఇసుకలో పట్టేస్తుంది. తక్కిన పక్క దిగుతుంది, గోడ ఒరుగుతుంది, లోపలి మనిషి మీదికి వస్తుంది.

ఈ సంగతి నాకు చెప్పింది బండ్లు చేసే సాయిబు. నవ్వుతూ చెప్పాడు. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం దిగలేదు.

లోపలికి దిగి తవ్వేది ముసలమ్మ చిన్నకొడుకు. ఆమె పొట్టేలు కోయాల్సిందేనని పట్టుబట్టింది. వాడంతా ఆమె వెనకే నిలబడింది.

"పెద్దోనప్పుడు కోయలేదు. గంగమ్మ వాణ్ణి తీసుకున్నెది" అంది.

"చెలమకు గోడ లేదవ్వా, అందుకు కూలింది. పొట్టేలు రక్తం ఇసుకను ఆపుతుందా? ఆపితే గోడెందుకు, సాయిబెందుకు?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. సభలో చెప్పినట్టే చెప్పాను.

అంతా విని ఆమె ఒక్క మాటంది. "నీకేమప్పా, గట్టు మీద నిలబడి ఎన్నైనా చెప్తావు. కొడుకు నాది."

ఆ మాటకు నా నోట్లోంచి ఊడిపడింది ఇది: "పొట్టేలు వద్దు. వాడితో పాటు నేనూ దిగుతాను."

జనం గొల్లున నవ్వారు. సాయిబు గడ్డం నిమురుకుంటూ, "మాట జారినావు అయివారూ. ఇంగ నీక్కూడా పట్టేటట్టు చెయ్యాల చక్రం" అన్నాడు.

చక్రాన్ని బావి రావాల్సిన చోటే కోశాం. సాయిబు తుమ్మ ముక్కల్ని రంపంతో ఉజ్జాయింపుగా వంపు కోసి, ఒకదాన్ని ఒకటి చీలలతో బిగించి నేల మీద పరిచాడు. చూడటానికి కుక్కలు కొరికిన రొట్టెలా ఉంది. దానికి అడ్డంగా ఒక దూలం ముక్క వేసి, సరిగ్గా నడుమ రంధ్రం తొలిచి ఇనపమేకు దిగ్గొట్టాడు. ఆ మేకుకు ఒక పొడుగాటి పట్టె తగిలించాడు. పట్టె మేకు చుట్టూ తిరగలిలా తిరుగుతుంది. దాని చివర ఉలి బిగించాడు. పట్టెను తోస్తూ పోతే ఉలి కొయ్య మీద గీత గీస్తుంది. మళ్లీ వెనక్కి తెచ్చి, ఉలిని కాస్త కిందికి కొట్టి, మళ్లీ తోస్తే గీత లోతవుతుంది. అలా కొయ్య అడుగుదాకా తెగాలి.

"నువ్వే తిప్పు. లోపల కూచునేటోడివి నువ్వే గదా" అని పట్టె నా చేతికిచ్చాడు. "బలం చూపిచ్చొద్దు. ఇది చెయ్యి మాట ఇనదు, మేకు మాట ఇంటాది. మేకు కదల్లేదంటే గుడ్డోడు తిప్పినా గుండ్రమే."

ఆ మాట నాకు ఎంతో ధైర్యమిచ్చింది. మంత్రం లేదు, ముహూర్తం లేదు. ఒక మేకు, ఒక పట్టె. ఎవడు తిప్పినా అదే గుండ్రం. అయినా గీత లోతయ్యేకొద్దీ, ఈ కొయ్య నా నెత్తికి ఎంత ఎత్తున ఉంటుంది, దీని మీద ఎంత ఇటుక ఉంటుంది అన్న లెక్కే మనసులో తిరిగేది. చెమటకు పట్టె జారేది.

లోపలి అంచు తెగింది. బయటి అంచు మొదలుపెట్టాం. ఇసుకను రాసుకుంటూ దిగేది బయటి అంచే, ప్రాణం దాని మీదే. కొయ్య మందం కాబట్టి ముందు ఊరివైపు సగం అడుగంటా కోశాం. ఏటివైపు సగం మిగిలింది. మధ్యాహ్నమైంది. సాయిబు నమాజుకు పోయాడు. నేను నీడకు పోయాను. మేకలు వచ్చి తొక్కకుండా ముసలమ్మ కాపలా కూర్చుంది.

ఆ కాసేపట్లో ఆమె చేసిన పని మాకు తర్వాత తెలిసింది. మా వైపు ఏ గుంజ నాటినా గుంతలో పసుపు కలిపిన గింజలు వేయకుండా నాటరు. పొట్టేలు ఎటూ లేదు, గింజలైనా పడాలనుకుందామె. మేకు ఊడబెరికి, రంధ్రంలో పసుపు జొన్నలు కూరి, మేకును మళ్లీ రాయితో కొట్టింది. అది నిలబడింది. కానీ గింజలు ఒక పక్క నుంచి నెట్టడంతో నిటారుగా నిలబడలేదు, ఏటివైపు వాలింది.

మేం వచ్చి మిగిలిన సగం కోశాం. చివరికి రెండు గీతలూ కలవాల్సిన చోట కలవలేదు. వేలెడు తేడా.

సాయిబు నా చేతుల వైపు చూశాడు. "వణికినావా?"

"వణికాను" అన్నాను. అది నిజమే.

మేకు మాట తప్ప చెయ్యి మాట వినదని పొద్దున చెప్పిన మనిషే, నా వణుకు చూసి ఆ సంగతి మరిచిపోయాడు. ఎక్కువ తక్కువల్ని బాడిసెతో చెక్కి నునుపు చేశాడు. అతుకు కనబడకుండా పోయింది. ఉబ్బు అలాగే ఉంది.

గోడ లేచింది, సున్నం ఆరింది, తవ్వకం మొదలైంది. అన్న మాట ప్రకారం నేనూ దిగాను. గిలక మీదుగా వచ్చే తాడుకు గంప కట్టి ఉంటుంది. ముసలమ్మ చిన్నకొడుకు పారతో ఇసుక తీస్తాడు, నేను గంపకెత్తుతాను. పైన ఆకాశం పళ్లెమంత. తడిసున్నం వాసన గొంతులో పట్టుకుంటుంది. చక్రం దిగినప్పుడల్లా కొయ్య మూలుగుతుంది, గోడ గరగరమంటుంది. ఆ చప్పుడు వచ్చిన ప్రతిసారీ నేను మెడ లోపలికి లాక్కునేవాణ్ణి, మెడ లాక్కుంటే గోడ ఆగుతుందన్నట్టు.

"అయివారూ, ఊపిరి పీల్చుకుంటాండావా లేదా? నాకు నాదొక్కటే ఇనపడతాండాది" అనేవాడతను.

నిలువు లోతు దాటాక ఒక పూట చక్రం కదలడం మానేసింది. అతను ఇంకాస్త ఇసుక తీశాడు. ఊరివైపు ఒక్కసారిగా దిగింది. ఏటివైపు దిగలేదు. నా తల మీద సున్నం పొడి రాలింది. తలెత్తితే ఏటివైపు గోడ మా మీదికి వంగి ఉంది. ఇటుకల మధ్య చీలిక, కొంగ మెడలా వంకర తిరుగుతూ పైకి పోయింది.

పైన కేకలు. "గంగమ్మ పట్టుకున్నెది! పొట్టేలు కోయకపోతిరి!"

వాటన్నిటినీ మించి ముసలమ్మ గొంతు. "నేను గింజలు ఏసినా గూడా వదల్లేదే తల్లీ!"

"ఏం గింజలు? యాడ ఏసినావు?" సాయిబు అడగడం వినబడింది.

"మేకు కింద, సాయిబూ. నువ్వు నమాజుకు పోయినప్పుడు."

"మేకు పీకినావా!"

"మళ్లా కొట్టినా గదా!"

తర్వాత సాయిబు తల గట్టు మీద కనబడింది. "అయివారూ! నమాజు అయినంక తిప్పినావే, యాడి నుంచి యాడికి?"

రెండోసారి అడిగాక, "చింతచెట్టు వైపు నుంచి ఏటిపక్కగా వల్లకాడి వైపు దాకా" అన్నాను.

"అయితే ఏటిపక్క ఉబ్బినాది. గంగమ్మా లేదు, గాడిదా లేదు. ఆ పక్క కొయ్య ఎనక ఇసుక తీస్తే దిగుతాది."

ఏటిపక్క అంటే వంగిన గోడ కింద. తాడు దిగింది. ఒక్కసారి ఒక్కరే ఎక్కగలరు. "నువ్వు పోప్పా, నేను చూసుకుంటా" అన్నాడతను. నేను తాడు పట్టుకున్నాను. ఎక్కితే పొట్టేలు తెగుతుంది, బావి అక్కడే ఆగిపోతుంది, ఆ కుండలు మళ్లీ ఊరి బావికి ఎడంగా కూర్చుంటాయి. ఇవన్నీ అప్పుడు ఆలోచించి ఆగానంటే అబద్ధం. నా చేతులు తాడును విడవలేదు, కాళ్లు నేలను విడవలేదు, అంతే.

అతను పార పక్కన పెట్టాడు. "ఎక్కకుంటే గంపైనా అందుకో" అన్నాడు.

అందుకున్నాను. అతను వంగిన గోడ కింద పక్కకు పడుకొని, కొయ్య వెనక నుంచి చేత్తోనే ఇసుక తోడాడు. నేను ఎత్తాను. పైకి చూడలేదు. ఉన్నట్టుండి కొయ్య కింద ఏదో విరిగినట్టు చప్పుడు, దాని వెనకే కళ్ల నిండా దుమ్ము. చచ్చాననే అనుకున్నాను. దుమ్ము తగ్గాక చూస్తే చక్రం సమంగా కూర్చుంది. కాళ్లకు చల్లగా తగిలింది. నీళ్లు.

పైకి వచ్చిన కొడుకును ముసలమ్మ ముందు రెండు చేతులా కొట్టింది, తర్వాత పట్టుకొని ఏడ్చింది.

"నీ గింజలే సంపబోయినాయి గదవ్వా" అన్నాడు సాయిబు.

"నా గింజలే కాపాడినాయి" అందామె. వాడంతా అవునంది.

అంతటి సాక్ష్యం చేతిలో పెట్టుకొని కూడా నేను ఆమెతో వాదించలేదు. పళ్లు టకటకా కొట్టుకుంటుంటే మాట రాలేదన్నది ఒక కారణం. రెండోది, ఆమె కళ్లలో ఉన్న భయం నేను అప్పుడే బావిలో చూసి వచ్చిందే. ఆ భయం ఆమెకు గంగమ్మ పెట్టింది కాదు, ఊరు పెట్టింది. నిండు బావి గట్టు మీద నలుగురితో పాటు ఆమెనూ చేద వేయనిచ్చి ఉంటే పెద్దకొడుకు చెలమలోకి పోడు, చిన్నకొడుకు ఇసుక కిందికి దిగడు, మేకు కింద గింజలూ పడవు. మూఢనమ్మకం మీద ఉపన్యాసం ఇవ్వాల్సింది ఆమెకు కాదు. ఆ బావి గట్టు మీద నిలబడి ఇవ్వాలి. తర్వాత ఇచ్చాను కూడా. రాళ్లు పడ్డాయి.

కానీ ఆ రోజుతో పని అయిపోలేదు. పాదాలు తడిసేటన్ని నీళ్లు ఎండాకాలానికి నిలవవు, చక్రం ఇంకా దిగాలి. ఉబ్బు ఉబ్బుగానే ఉంది, చీలిక చీలికగానే ఉంది. మర్నాడు పొద్దున ముసలమ్మ పసుపుదారం తెచ్చి కొడుకు మణికట్టుకు కట్టింది. ఇంకొకటి పట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

"వద్దవ్వా" అన్నాను.

"భయం లేదా నీకు?"

"ఉంది. శానా ఉంది."

"మరి కట్టించుకోడానికేం?"

"కట్టుకున్నా ఇంతే ఉంటుందవ్వా."

ఆమె దారం మడిచి కొంగున దోపుకొని, "అయితే పైనుంచి తాడు నేను పట్టుకుంటా, దిగు" అంది.

తాడు బిగిసింది. దిగాను.