మరొక్కటి గారు

ఆ కోర్టు గుమాస్తాగారికి ఒక్క సంతకంతో తృప్తి కలిగిన దాఖలా లేదు. మనిషి మంచివాడే. వేళకి వస్తాడు, ఎవరి దగ్గరా టీనీళ్ళు కూడా ఆశించడు. కానీ ఆయన బల్ల ముందు నిలబడ్డ మగవాడు ఎంతటివాడైనా సరే, ఒక్క సంతకం గీకి బయటపడడం కల్ల. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, "ఇది మొదటిదానిలా లేదండీ. మరొక్కటి" అనేవాడు. అందుకే కోర్టంతా ఆయన్ని మరొక్కటి గారు అని పిలిచేది.

ఆ జబ్బు కోర్టు గుమ్మంతో ఆగినా బాగుండేది. ఇంట్లో కుళాయి బాగుచేసిన మనిషి చేత "నీళ్ళు వస్తున్నాయి" అని రాయించి మూడు సంతకాలు తీసుకున్నాడు. మందుచీటీ మీద డాక్టరుగారి సంతకం చూసి, "ఇది మీదేనాండీ, కలం జారినట్టుందే" అని మళ్ళీ పెట్టించాడు. ఓ రోజు బంట్రోతు గొడుగు అడిగాడు.

"ఇస్తాను కానీ, తీసుకున్నట్టు ఓ సంతకం పెట్టు."

"మన మధ్య సంతకాలేంటి బాబాయ్?"

"మన మధ్యే ఉండాలిరా. పరాయివాళ్ళకి గొడుగు ఎవడిస్తాడు?"

నాలుగు సంతకాలు పూర్తయ్యేసరికి వాన వెలిసింది.

ఆడవాళ్ళ దగ్గర మాత్రం ఈ చాదస్తం ఉండేది కాదు. వాళ్ళు సగం పేరు రాసినా, వేలిముద్ర వేసినా, "చాలమ్మా, నువ్వెళ్ళు" అని పక్క తలుపు చూపించేవాడు. ఇది చూసి ఓ లాయరమ్మకి ఒళ్ళు మండింది. "ఆడవాళ్ళ సంతకమంటే అంత లోకువా మీకు?" అని నిలదీసింది. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "ఆడవాళ్ళ సంతకం ఎలా ఉన్నా ఒకటేలే అమ్మా" అన్నాడు. ఆవిడ ఆ మాటలు అక్షరం పొల్లుపోకుండా అర్జీలో రాసింది.

ఆ అర్జీ కొత్తగా వచ్చిన జడ్జమ్మ బల్ల మీదికి చేరింది. అప్పటికే అక్కడ మగవాళ్ళ తరఫు లాయర్లు ఇచ్చినది ఒకటుంది. ఒక్కో కక్షిదారుకి అరగంట వృథా అవుతోందనీ, ఈ గుమాస్తాని భరించడం తమ వల్ల కాదనీ దాని సారాంశం. జడ్జమ్మ నిక్కచ్చి మనిషి. ఇటు మగవాళ్ళకీ, అటు ఆడవాళ్ళకీ సమానంగా కోపం తెప్పించినవాణ్ణి ఏ జడ్జి మాత్రం వెనకేసుకొస్తుంది? సోమవారం నుంచి ఆయన్ని పాత ఫైళ్ళ గదికి పంపుతూ ఉత్తర్వు టైపు చేయించి సొరుగులో పెట్టుకుంది. ఆ గదికి కిటికీ లేదు. సంతకాలు పెట్టించుకుందామన్నా ఎలకలు తప్ప ఎవరూ దొరకరు. ఉద్యోగంలో ఇంకా మూడు నెలలే మిగిలిన మనిషి కదా అని జడ్జమ్మకి జాలి వేయకపోలేదు. కానీ జాలితో కోర్టు నడవదనుకుంది.

ఈలోగా శనివారం ఆ కోర్టు హాల్లోనే ఒక శిక్షణ పెట్టారు. ఇంట్లో దెబ్బలు తిని కోర్టు మెట్లెక్కే ఆడవాళ్ళ కేసులు ఎలా నడపాలో జడ్జీలకీ సిబ్బందికీ నేర్పే శిక్షణ అది. నేర్పడానికి వచ్చిన పెద్దావిడ పాతికేళ్ళు అలాంటి ఆడవాళ్ళకి ఆశ్రయమిచ్చే ఇల్లు నడిపింది. గొంతు పెంచకుండా మాట్లాడేది.

"ఇన్నాళ్ళూ ఎందుకు భరించావని ఆమెను అడక్కండి. సర్దుకుపొమ్మని చెప్పకండి. ఆర్డరు ఇచ్చేశాం కదా, గండం గడిచిందని అసలే అనుకోకండి. ఇక ఈమె చెయ్యిజారిపోయిందని అతనికి తెలిసేది ఆ రోజే" అంది.

అందరూ బుద్ధిగా రాసుకున్నారు. మధ్యాహ్నం ఆవిడ ఒక కేసును నాటకంలా ఆడించింది. జడ్జమ్మ భార్య. బంట్రోతు భర్త. మరొక్కటి గారు మరొక్కటి గారే. జడ్జి కుర్చీలో పెద్దావిడ కూర్చుంది. "ఆర్డరుతో ఆగిపోకండి. ఎవరిళ్ళకి వాళ్ళు చేరేదాకా ఆడండి" అని మరీ చెప్పింది.

బంట్రోతుకి తలప్రాణం తోకకొచ్చింది. చీమను తొక్కితే చెప్పు విప్పి చూసుకునే రకం. "మేడమ్, నేను మిమ్మల్ని కొట్టానంట. తప్పుగా అనుకోకండి" అని చేతులు కట్టుకున్నాడు.

"కొట్టినవాడివి అలా వంగి నిలబడతావేంటయ్యా?"

"కొట్టినందుకే వంగాను మేడమ్."

హాలంతా నవ్వింది. జడ్జమ్మ కూడా నవ్వుతూనే వెళ్ళి కక్షిదారులు కూర్చునే చెక్కబల్ల మీద కూర్చుంది. తన కోర్టులో ఆ బల్ల మీద ఆమె ఎన్నడూ కూర్చోలేదు. అక్కడి నుంచి జడ్జి ముఖం సరిగా కనిపించదు. కనిపించేదల్లా ఎదుటి బల్ల మీది మగవాడి మోకాళ్ళూ చేతులూ. ఆ చేతులు బంట్రోతువే, పొద్దున తనకి కాఫీ తెచ్చిన చేతులే. అయినా ఆమె కాళ్ళు తనకు తెలియకుండానే బల్ల కిందికి ముడుచుకున్నాయి.

ఆర్డరు అయింది. మరొక్కటి గారు ఆమె చేత ఒక్క సంతకం పెట్టించి, "చాలమ్మా, నువ్వెళ్ళు" అని పక్క తలుపు చూపించాడు. ఇల్లు చేరేదాకా ఆడమన్నారు కదా అని ఆమె మెట్లు దిగి, గేటు దాటి, రోడ్డవతల బస్టాపులో నిలబడింది. ఎన్ని ఆర్డర్లు రాసింది తను. ఒక్కదాని వెనకైనా ఇంత దూరం నడిచి రాలేదు. సిగ్గేసింది.

ఒక బస్సు వెళ్ళింది. కాసేపటికి ఇంకోటి వెళ్ళింది. భర్తగారి జాడ లేదు.

బస్టాపు పక్కన నిమ్మరసం అమ్మే ఆవిడ ఈమెను ఎగాదిగా చూసింది. "కోర్టు నించేనా తల్లీ? నీ మొగుడు ఇప్పుడప్పుడే రాడులే. భయపడకుండా బస్సెక్కు."

"ఎలా చెప్తున్నారు?"

"రోజూ చూస్తున్నదే కదా. ఆడది ముందొచ్చి బస్సెక్కేస్తది. మొగోడు అరగంటకి చెమటలు కక్కుకుంటా వస్తాడు, లోపల ముసలి గుమాస్తాని తిట్టుకుంటా. ఈడొచ్చేసరికి ఆవిడ ఊరు దాటేస్తది."

జడ్జమ్మ రోడ్డు దాటి, తిరిగి హాల్లోకి వచ్చింది. బంట్రోతు ఏడో సంతకంలో ఉన్నాడు. "బాబాయ్, నా పేరు నాకే కొత్తగా కనపడుతోంది" అని వాపోతున్నాడు.

"గుమాస్తాగారూ, ఇది మీకు ఎవరు నేర్పారు?" అని అడిగింది జడ్జమ్మ.

ఆయన కలం మూత కోసం వెతికాడు. అది చేతిలోనే ఉంది. "ఎవరూ నేర్పలేదమ్మా" అన్నాడు. పెద్దావిడ కుర్చీ దిగివచ్చి ఆయన పక్కన కూర్చున్నాక అసలు మాట బయటపెట్టాడు.

"పన్నెండేళ్ళ కిందట నా అంత చురుకైనవాడు లేడమ్మా ఈ కోర్టులో. నిమిషంలో ఇద్దరి చేతా సంతకాలు పెట్టించి పంపేవాణ్ణి. అప్పటి జడ్జిగారు పదిమందిలో మెచ్చుకున్నారు కూడా. ఆ రోజు ఒకావిడకి ఆర్డరు వచ్చింది, అతను ఆవిడ జోలికి వెళ్ళకూడదని. ఇస్త్రీ దుకాణంలో పనిచేసేది. సంతకం పెట్టి, బస్సు ఎప్పుడుందండీ అని అడిగింది. ఇంకో పది నిమిషాల్లో ఉందమ్మా అన్నాను. అతను పక్కనే ఉన్నాడు. విన్నాడు."

ఆయన కలానికి మూత పెట్టి, మళ్ళీ తీశాడు.

"బస్టాపులో ఆవిడ ప్రాణం పోయేటప్పటికి ఆర్డరు కాగితం చేతిలోనే ఉందట. మర్నాడు దాన్ని ఫైల్లో పెట్టింది నేనే."

ఏడవడం ఇష్టంలేని జడ్జమ్మ గోడ గడియారం వైపు చూస్తూ, "మరి కుళాయివాడి చేత కూడా ఎందుకండీ?" అంది.

"ఆ కేసుల్లో మాత్రమే చేస్తే వారంలో పసిగట్టరా? అందుకని అందరి మీదా పడ్డాను. వేసుకున్న వేషం కాస్తా ఒంటికి అంటుకుపోయింది. మా ఆవిడకి కూడా చెప్పలేదు. నాకు మతి చలించిందని మా బావమరిదికి ఫోన్లో చెప్పుకుని ఏడ్చింది, పాపం."

బంట్రోతు ముక్కు ఎగబీల్చాడు. పెద్దావిడ కలం తీసి, ఈ పద్ధతిని శిక్షణ పుస్తకంలో చేర్చాలంది.

"వద్దమ్మా. పుస్తకంలో రాస్తే అది వాళ్ళ లాయర్ల చేతికీ వెళ్తుంది. ఇప్పుడైతే ముసలాడికి చాదస్తమని నన్ను తిట్టుకుంటారు. నన్ను తిట్టుకున్నంతసేపూ వాళ్ళకి ఆవిడ గుర్తుకురాదు."

"మీరు రిటైరయ్యాక?" అంది పెద్దావిడ.

ఆ ప్రశ్న ఆయన్ని ఎన్నాళ్ళుగా తొలుస్తోందో ముఖం చూస్తేనే తెలిసింది. జడ్జమ్మ సొరుగులోని ఉత్తర్వును చింపేసింది. మగవాళ్ళ లాయర్లకి, "గుమాస్తాగారి వయసు దృష్ట్యా సహించవలసిందిగా కోరడమైనది" అని జవాబు పంపింది. లాయరమ్మకి మాత్రం తలుపు వేసి ఉన్నమాట చెప్పింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని బయటికొచ్చి, వరండాలో నలుగురూ వినేలా ఆ ముసలాయన్ని మరో నాలుగు తిట్టింది.

మూడు నెలలు గడిచాయి. ఆయన స్థానంలోకి వచ్చిన అమ్మాయి పాతికేళ్ళది, పనిలో మెరుపు. ఆమెకు పని నేర్పడానికి ఆయన చివరి వారమంతా పక్కనే కుర్చీ వేసుకున్నాడు. నేర్పడం కాదు, నేర్చుకున్నది మరిపించడమే సరిపోయింది.

"మరీ మర్యాదగా ఉన్నావమ్మా. కాస్త విసుగు పుట్టించాలి. కళ్ళజోడు వెతుక్కో."

"నాకు కళ్ళజోడు లేదండీ."

"అయితే కొనుక్కో."

ఆఖరి రోజు ఒక తల్లి, చంటిపిల్లను ఎత్తుకుని వచ్చింది. ఆర్డరు అయింది. ఒక్క సంతకం పెట్టి పక్క తలుపున వెళ్ళిపోయింది. భర్త కళ్ళు ఆ తలుపు మీదే ఉన్నాయి. చకచకా సంతకం గీకి కదలబోయాడు. మరొక్కటి గారు బల్ల దగ్గర లేడు, వెనక కిటికీ పక్కన నిలబడ్డాడు. అమ్మాయి కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఇది మొదటిదానిలా లేదండీ. మరొక్కటి."

"అదే చెయ్యి, అదే పేరు. ఇంకెలా ఉంటది?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. ఇంటిపేరు కూడా కలిపి రాయండి. అయ్యో, సిరా అంటుకుంది. ఇంకో కాగితం ఇస్తాను, ఉండండి."

అతను పళ్ళు కొరికాడు. ముసలాడు పోతున్నాడనుకుంటే ఈ పిల్ల దాపురించిందని పైకే అన్నాడు. జడ్జమ్మ తల ఎత్తలేదు. ఖాళీ కాగితం మీద ఏదో రాస్తున్నట్టు గీతలు గీస్తూ ఉంది. మూడోది అయింది. నాలుగోది అయింది. కిటికీ దగ్గర ఆయన రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా ఉన్నాడు. బయట బస్సు ఆగిన చప్పుడు వినిపించింది, తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది, బస్సు కదిలి మలుపు తిరిగిన చప్పుడు కూడా సన్నగా వినిపించి ఆగిపోయింది.

అప్పుడు ఆయన కళ్ళజోడు తీసి, అమ్మాయి వైపు తిరిగాడు.

"చాలమ్మా, ఆయన్ని పోనివ్వు" అన్నాడు.