గాలిమోటరుకు కనపడకుండా

మా బాబు పొత్తిగుడ్డలు ఎన్నిసార్లు ఉతికినా తెల్లబడలేదు. ఇప్పటికీ లేత ఇటుక రంగులోనే ఉన్నాయి. వాడు నిద్రపోయాక దీపం దగ్గర కూర్చుని వాటిని మడతపెడుతుంటే, నిరుడు భాద్రపదంలో మెదక్ మీదికి విమానాలు వచ్చిన రోజులు గుర్తొస్తాయి. పోలీసు చర్య గురించి పెద్దవాళ్లు రాస్తారు. నేను ఈ గుడ్డల గురించి రాసుకుంటున్నాను.

మా ఊళ్లో విమానం అనే మాట లేదు. గాలిమోటరు అంటారు. అప్పటిదాకా దాన్ని చూసినవాళ్లు మా గల్లీలో లేరు. హైదరాబాదులో బి.ఏ. చదివే రోజుల్లో నేను ఒకటి రెండు సార్లు దూరం నుంచి చూశాను, అంతే. కానీ దాని గురించి చదివాను. కాలేజీ గ్రంథాలయంలో విమానాల తొలినాళ్ల మీద ఒక లావుపాటి పుస్తకం ఉండేది. బొమ్మల కోసం తిరగేసేదాన్ని. యుద్ధంలో మనుషులు మొదట గాలిలోకి లేచింది బాంబులు వేయడానికి కాదట, చూడడానికి. తాడు కట్టిన పెద్ద బెలూను కింద బుట్టలో ఒకడు నిలబడి, గుట్ట అవతల శత్రువు ఎక్కడ దిగాడో, ఎన్ని గుడారాలు వేశాడో కిందివాళ్లకు తెలియజేసేవాడు. విమానాలు వచ్చిన కొత్తలో కూడా అదే పని. ఆకాశంలో ఎదుటి పక్షం వాడు కనిపిస్తే చెయ్యూపి పోయిన వాళ్లు కూడా ఉన్నారట. ఆ తర్వాత ఒకడు పిస్తోలు పట్టుకుపోయాడు. ఎడారిలో జరిగిన ఏదో యుద్ధంలో ఇంకొకడు తోలుసంచిలో చేతిబాంబులు పెట్టుకుపోయి, గుడారాలు కనిపించిన చోట రాళ్లు విసిరినట్టు విసిరాడు.

అప్పుడది వింతగా చదివాను. మా ఊరి మీదికి విమానం వచ్చిన పొద్దున ఆ పుస్తకంలోంచి నాకు గుర్తొచ్చిన మాట ఒక్కటే: గుడారాలు.

మా ఆయన బడి పంతులు. జీతం పని మీద పట్నం పోయి, బస్సులు ఆగిపోవడంతో అక్కడే చిక్కుకుపోయారు. ఇంట్లో మా అత్తమ్మ, నేను, ఎనిమిది నెలల బాబు. వెనక పిట్టగోడకు అవతల బీబమ్మ ఉండేది. భర్త పోయాక ఒక్కతే కోళ్లు పెంచుకుంటూ ఉండేది. మా అత్తమ్మకూ ఆమెకూ గోడ మీది నుంచే సగం సంసారం నడిచేది. ఒకవైపు రజాకార్లు, ఇంకోవైపు నర్సాపూర్ అడవుల్లో ఎర్రజెండా సంఘపోళ్లు, మధ్యలో పోలీసులు. ఎవరొస్తే ఏమవుతుందోనని ఏడాదిగా తలుపు గడియ మీదే మా ప్రాణం ఉండేది. ఇప్పుడు పైనుంచి కూడా.

ఆ పొద్దున బాబు గుడ్డలు దండెం మీద ఆరేస్తున్నాను. పాత పంచెలు చింపి చేసినవి, తెల్లగా ఉండేవి. ముందు పడమటి నుంచి ఒక గురగుర. తర్వాత అది మీదికే వచ్చింది. బీబమ్మ కోళ్లన్నీ గంప కిందికి దూరాయి. నేను తల ఎత్తేలోపు అది ఖిల్లా గుట్ట దాటిపోయింది. గోడ మీద బీబమ్మ తల కనిపించింది.

"ఓ బిడ్డా, గా తెల్లగుడ్డలు తియ్యరాదు! పైకెల్లి చూసెటోడు ఫౌజు డేరాలనుకుంటడు."

"గింతంత గుడ్డలను చూసి డేరాలనుకుంటడా బీబమ్మా?" అన్నాను.

"గంత మీద ఉన్నోనికి గింతేంది, గంతేంది? జర తియ్యి బేటా."

అత్తమ్మ వంటింట్లోంచి వచ్చింది. "నీ కోళ్లు తెల్లగ లేవా? ముందుగాల వాటిని దాయి."

"కోళ్లు ఉరుకుతయి. గుడ్డలు ఉరుకుతయా?"

అత్తమ్మ మాట మార్చింది. "అయినా మోటరంటే సడక్ పొంటనే పోతది గద. మనది గల్లీ. గల్లీలకు ఎట్ల వస్తది?" అంది.

"గాలికి సడకేంది నీ మొకం! మా ఆయన చెప్పేటోడు, ఎన్కటి పెద్ద లడాయిల మన సర్కారే ఇంగ్రేజు గోరోళ్లకు గాలిమోటర్లు కొనిచ్చిండంట. మన పైసలతోని. గిప్పుడు గవే మన మీదికి వస్తున్నయి."

"గవి వేరే, ఇవి వేరే బీబమ్మా. గవి ఎప్పుడో పాతపడ్డయి," అన్నాను.

"గాలిమోటరు గాలిమోటరే బిడ్డా."

నవ్వాను గానీ చేతులు అప్పటికే గుడ్డలు లాగేస్తున్నాయి. చదువుకున్నదాన్ని కదా, ఆ ఇద్దరికీ ధైర్యం చెప్పాల్సింది నేను. కానీ నా చదువు బీబమ్మ మాటనే బలపరిచింది. వాడు చూడడానికే వస్తాడు. తెల్లగా ఏది కనిపిస్తే దాన్ని చూస్తాడు.

అసలు చిక్కు అక్కడ మొదలైంది. ముసురు రోజులు. గుడ్డలు ఇంట్లో పొయ్యి మీద తాడు కట్టి ఆరేస్తే పొగ వాసన తప్ప ఎండడం లేదు. చెమ్మగుడ్డల మీదే బాబును పడుకోబెట్టాల్సి వచ్చేది. మర్నాటికే జలుబు, ఆ మీద దగ్గు. వాడు పడుకుంటే రొమ్ము మీద చెవి పెట్టి వినేదాన్ని. లోపల గరగరమనేది. ఎండ కాసేది కాసేపే, ఆ కాసేపు గుడ్డలు బయట వేయడానికి లేదు. విమానానికి భయపడాలో, చెమ్మకు భయపడాలో నాకు తెలియలేదు. రెండింటికీ భయపడుతూ వాణ్ని భుజాన వేసుకుని తిరిగేదాన్ని.

అత్తమ్మే దారి కనిపెట్టింది. "రంగేస్తే అయిపాయె."

దసరాకు గోడలకు, గడపలకు పూయడానికి తెచ్చిన జాజు గడ్డలు అటక మీద ఉన్నాయి. ఎర్రమన్నులాంటి రంగు. నేలా అదే రంగు, గోడా అదే రంగు, గుడ్డ కూడా అదే రంగైతే పైవాడికి ఏం కనిపిస్తుంది? బీబమ్మ గోడ అవతల నుంచే మెచ్చుకుంది. "ఫౌజుకు ఖాకీ ఎందుకేస్తరనుకున్నవ్? ఖాక్ అంటే మన్నే. మన్నుల మన్ను కనపడదని."

తొట్టిలో జాజు కలిపి గుడ్డలన్నీ ముంచాం. "ఊడుతదేమో అత్తమ్మా," అన్నాను. "ఊడదు. నేను గంజి పోసిన గద," అంది. చూస్తుండగానే బీబమ్మ తన చాదర్లూ ఓణీలూ గోడ మీద నుంచి అందించింది. ఎదురింటి వాళ్లు పంచెలు తెచ్చారు. గల్లీలో తెల్లగా ఉన్నదంతా మా తొట్టిలో మునిగింది. ఆ మధ్యాహ్నం ఎండ కాసింది. ఎన్నాళ్లకో కరకరా ఎండిన గుడ్డల మీద బాబును పడుకోబెట్టాను. నాకూ కళ్లు మూతపడ్డాయి.

తెల్లారి వాణ్ని ఎత్తుకుంటే వీపంతా ఎర్రగా ఉంది. తొడలు, మెడ కింద, చెవుల వెనక కూడా ఎర్రటి మచ్చలు. ఒళ్లు కొంచెం వెచ్చగా తగిలింది. అత్తమ్మను కేకేశాను. అత్తమ్మ చూసి రెండు చేతులూ జోడించింది.

"తట్టు! అమ్మవారొచ్చింది బిడ్డా. కదిలియ్యకు. గడప దాటియ్యొద్దు." ఆ మాట అంటూనే వేపమండలు తెచ్చి తలుపుకు దోపింది, ఒక రెమ్మ బాబు తల దగ్గర పెట్టింది.

"దగ్గు కూడ ఉన్నది అత్తమ్మా. తట్టుల దగ్గు ఉంటే ఊపిరితిత్తులకు పోతది. నేను దవాఖానకు పోత."

"అమ్మవారిని దవాఖానకు తీస్కపోతరా? గంతెందుకు, నడుమల మోటరొస్తె?"

"రానియ్యి," అన్నాను.

ఆ మాట నేనే అన్నానంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. చీర కొంగులో వాణ్ని చుట్టుకుని బయటపడ్డాను. బజారు మూసి ఉంది. ఎక్కడ నిలబడినా కనిపించే పెద్ద చర్చి గోపురం వైపు నడిచాను. మిషన్ దవాఖాన అటే. ఇళ్లు అయిపోయి ఖాళీ జాగా మొదలైన చోట ఆ గురగుర మళ్లీ వినిపించింది.

పక్కన చెట్టు లేదు, గోడ లేదు. బోర్లా పడుకుందామంటే ఒళ్లో బాబు. నిలబడిపోయాను. ఈసారి అది కిందికి వచ్చింది. దాని నీడ నేల మీద పరుగెత్తుకుంటూ వచ్చి మమ్మల్ని దాటిపోయింది. అది గోపురం దగ్గర ఒక రెక్క వంచి, పడమటికి తిరిగింది. పుస్తకంలో ఉన్నట్టే. పాతకాలపు విమానాల వాళ్లు సడకులు, రైలు పట్టాలు, గోపురాలు చూసుకుంటూ దారి పట్టుకునేవాళ్లట. అత్తమ్మ సడక్ మాట మరీ అంత తప్పు కాదు. వాడికి మా గోపురం ఒక మైలురాయి. మా ఊరు దాని పక్కనున్న పేరులేని మచ్చ. ఆ మచ్చలో ఒక ఆడమనిషి ఎర్రబడిన పిల్లవాణ్ని పట్టుకుని నిలబడి ఉందని వాడికి కనిపించిందా? చూడడానికే వచ్చేవాడు ఏం చూస్తాడు? ఇన్ని రోజులూ వాడు మమ్మల్ని చూస్తాడనే భయపడ్డాను. ఆ క్షణంలో మాత్రం, వాడు మమ్మల్ని చూడలేడని దుఃఖం వచ్చింది.

దవాఖానలో నడివయసు నర్సమ్మ ఒక్కతే ఉంది. "ఏమైందమ్మా, గట్ల ఉరికొస్తున్నవ్?"

"తట్టు," అన్నాను. "దగ్గు కూడ ఉన్నది."

ఆమె కొంగు తీసి చూసింది. కనురెప్పలు పైకెత్తి చూసింది, నోరు తెరిపించి చూసింది. తర్వాత వీపు మీద వేలు పెట్టి రాసి, ఆ వేలును వెలుతురులో పట్టుకుంది. తడిగుడ్డతో ఒక్కసారి తుడిచింది. తుడిచినంత మేరా మా బాబు ఒళ్లు మామూలుగా బయటపడింది.

"తల్లీ, గోడకు పూస్తరు జాజు. పిల్లగానికి పూస్తరా?"

నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో గుర్తులేదు. గుడ్డల సంగతి చెబితే ఆమె కుర్చీలో కూలబడి నవ్వింది. నవ్వు ఆగాక బాబు రొమ్ము మీద గొట్టం పెట్టి చాలాసేపు వింది. అప్పుడు నవ్వలేదు.

"తట్టు కాదు గని, రొమ్ముల నిమ్ము చేరుతున్నది. ఒళ్లు గందుకే కాలుతున్నది. మందిస్త. గని మందుకన్న ముందు పొడిగుడ్డ. తడి తగలనియ్యకు. గీ రాత్రి, రేపు రాత్రి జాగర్తగ చూసుకో."

అలమారలోంచి ఒక పాత తెల్లదుప్పటి ముక్క తీసి వాణ్ని చుట్టి ఇచ్చింది. ఇంటికొచ్చి అత్తమ్మకు జరిగింది చెప్పాను. ఆమె వేపమండలు ఒక్కొక్కటే తీసేస్తూ, "అమ్మవారు దయతలిచి పోయింది," అంది. జాజు పేరే ఎత్తలేదు.

మర్నాడు సాయంత్రం గల్లీలో కేకలు. మన సర్కారు లొంగిపోయిందట, ఫౌజు లారీలు చేగుంట దిక్కు నుంచి వస్తున్నాయట. అత్తమ్మ ముందు సంబరపడింది. తర్వాత దండెం వైపు చూసి గుండె బాదుకుంది.

"తియ్యి, తియ్యి! ఎర్రజెండలనుకుంటరు! గీ ఇల్లు సంఘపోళ్లదంటరు! పైనోనికి తెలుపు కనపడొద్దాయె, కిందోనికి ఎరుపు కనపడొద్దాయె. గీ పోరనికి ఏం గుడ్డ కట్టాలె?"

గుడ్డలు లాగుతుంటే బీబమ్మ తల గోడ మీద కనిపించింది. రోజూ ఉండే గొంతు కాదు.

"బిడ్డా, తెల్లగుడ్డ ఏమన్న ఉన్నదా? లొంగినట్టు మావోళ్లందరు దర్వాజకు కట్టుకోవాలంటున్నరు. నా చాదర్లన్ని ఎర్రగనే ఉన్నయి."

గల్లీలో అందరివీ ఎర్రగానే ఉన్నాయి. తెల్లగా ఉన్నది ఒక్కటే, బాబు ఒంటి మీద. పొడిగా, వెచ్చగా ఉన్నదీ అదే. నర్సమ్మ చెప్పిన రెండో రాత్రి ఇంకా గడవలేదు. ఫౌజు వచ్చాక ఒంటరి ముస్లిం ముసలామె తలుపుకు తెల్లగుడ్డ లేకపోతే ఏమవుతుందో, ఆ ఏడాది చూసినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా నా చెయ్యి కదల్లేదు. వాణ్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

అత్తమ్మ నా దగ్గరికి వచ్చి, బాబు కాళ్ల మీది నుంచి గుడ్డ సగం విప్పి, పళ్లతో అంచు కొరికి బర్రున చింపింది.

"జెండకు గింత చాలు. మిగిలింది పోరనికి సరిపోతది," అని ఆ సగం గోడ మీదికి ఇచ్చింది. బీబమ్మ దాన్ని కళ్లకద్దుకుని పోయింది. కాసేపటికి గోడ అవతల నుంచి రెండు నిప్పుకణికల కుంపటి వచ్చింది. దాని మీద ఎర్రగుడ్డలు కాచి కాచి ఆరబెడుతూ ఇద్దరం రాత్రంతా బాబుకు మార్చాం. రంగంటితే అంటనియ్యి అనుకున్నాం. తెల్లారేసరికి వాడి రొమ్ములో గరగర తగ్గింది.

బీబమ్మ తలుపు ఎవరూ తట్టలేదు. దారులు తెరుచుకున్నాక ఆయన వచ్చారు. కొన్ని వారాల తర్వాత బీబమ్మ ఆ సగం గుడ్డ తెచ్చి ఇచ్చింది. మేకుకు పట్టుకుని ఒక మూల చిరిగిపోయింది. మిగిలిన సగం అడిగి తీసుకుని, రెండూ కలిపి కుట్టింది. కొలత కుదరక ఒకవైపు పొట్టిగా వచ్చింది.

ఇప్పుడు కూడా అప్పుడప్పుడు ఆకాశంలో విమానాలు పోతుంటాయి. గల్లీలో పిల్లలు ఉరికి చూస్తారు. నేను మాత్రం ముందు దండెం వైపు చూస్తాను, తర్వాతే పైకి. బాబు పక్కకు దొర్లాడు. బీబమ్మ వేసిన కుట్టు వాడి వీపుకు ఒత్తుకుంటోంది. లేచి గుడ్డ తిరగేసి వేయాలి.