పుండు మీద పొర

"ఇంక సాల్లేయే, సలేస్తన్నాది," అన్నాడు మా ఆయన.

"ఊరుకో మావా, ఇంకొక్క సెంబు. కొత్త సర్మం కడతన్నాది," అన్నాను.

మేమిద్దరం చివరిగా అనుకున్న మాటలు ఇవే. ఆ సాయంత్రమే ఒళ్ళు కాలిపోయే జ్వరంతో తెలివి తప్పాడు. శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళినా మళ్ళీ కళ్ళు తెరవలేదు.

షుగరున్న మనిషి. వరికోతల్లో కొడవలి తగిలి పాదానికి పుండు పడింది. మా అత్త నేర్పినట్టే వేపాకు, కానుగ బెరడు మరగబెట్టి, పసుపు కలిపి, గోరువెచ్చగా రెండు పూటలా కడిగేదాన్ని. కొన్నాళ్ళకు పుండు మీద తెల్లగా, జిగటగా ఒక పొర వచ్చింది. మానుతోందని సంబరపడ్డాను. ఆ పొర ఎక్కడ చెదిరిపోతుందోనని గుడ్డయినా తగలనివ్వకుండా, పైనుంచి మెల్లగా పోసేదాన్ని.

ఆసుపత్రిలో నర్సు దాన్ని గీకి చూపించింది.

"ఇది సర్మం కాదమ్మా, సూక్ష్మజీవులు కట్టుకున్న గూడు. నీ కసాయం మంచిదే గానీ ఇది అడ్డముంటే లోపలికెలాగెళ్తాది? ముందు దీన్ని తీసీవలిసింది," అంది.

కషాయం మంచిదేనన్న మాట ఓదార్పుకే అని ఉంటుంది. నాకు మాత్రం అదే పెద్ద దెబ్బ. ఆయన్ని తినేస్తున్న దాన్ని నేనే చేతులారా కాపాడుకుంటూ వచ్చాను. ఇప్పుడు వేపాకు వాసన వస్తే ముద్ద దిగదు.

నాకు సంతకం వరకే వచ్చు. ఇదంతా నేను చెబుతుంటే నా చెల్లెలి కూతురు రాస్తోంది, మధ్యమధ్య కళ్ళు తుడుచుకుంటోంది.

అమ్మీ, నామీద జాలితో ఏటైనా మార్సినావేటి? మొదట్నుంచి సదివి వినిపించు.