స్పీడు మామ నిదానంగా కూర్చున్న రోజులు

మామ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను ఆయన కంప్యూటరు ముందే కూర్చుని ఉన్నాను. ఏదో రంగు దిద్దాల్సిన పని ఉండి పొద్దున్నే ఆసుపత్రి నుంచి వచ్చి బటను నొక్కాను. అది ఇంకా లేవలేదు. నల్లటి తెర మీద చిన్న చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. "మీ మామ యెళ్ళిపోయినాడు అమ్మణ్ణీ" అంది అత్త తిరువళ్ళూరు ఆసుపత్రి నుంచి. ఆ తర్వాత ఫోను పక్కనున్న నర్సు చేతికిచ్చేసింది. నర్సు తమిళంలో చెప్పిందంతా విన్నాను, సరి సరి అన్నాను. ఫోను పెట్టేసి చూసేసరికి తెర వెలిగింది. ఈయన ఉండుంటే ఇంతసేపు పట్టినందుకు దీన్ని ఎన్ని మాటలు అనేవాడో అనిపించింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆయన మా అమ్మకు తమ్ముడు. మాది తిరుత్తణి దగ్గర కే.జీ.కండిగైలో నేత వాళ్ళ వీధి. మోకాళ్ళ నొప్పులతో గుంటమగ్గంలోకి దిగలేని వయసు వచ్చాక ఆయన కంప్యూటరు నేర్చుకుని చీర అంచులకు డిజైన్లు గీయడం మొదలుపెట్టాడు. తెలియని వాళ్ళ కోసం చెబుతాను. అంచులో వచ్చేది పువ్వయినా పిట్టయినా ముందు గళ్ళుగళ్ళుగా గీయాలి. గీసినదాన్ని తిరువళ్ళూరులో అట్టల మీద చిల్లులుగా కొడతారు. ఆ అట్టలను మగ్గం పైన వేలాడదీస్తే, చిల్లుల్ని బట్టి పడుగు పోగులు లేస్తాయి. డిజైను లేకపోతే అట్టలు లేవు, అట్టలు లేకపోతే మగ్గం నిలబడిపోతుంది. నేను డిప్లొమా చదివి వచ్చి ఆయన పక్కన కుర్చీ వేసుకున్నాను. రంగులు నింపేది, కొట్ల వాళ్ళతో మాట్లాడేది నేను. బళ్ళో నేను చదివింది తమిళం. తెలుగు అక్షరాలు పట్టుబడింది ఆయన ఫైళ్ళకు పెట్టిన పేర్లు చూసే. మామిడిపిందె, చిలకముక్కు, మొగలిరేకు. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే అది ఆయన చలవే.

వీధి వీధంతా ఆయన్ని స్పీడు మామ అనేది. నడక నిదానం, మాట నిదానం, తిండి మరీ నిదానం. కంప్యూటరు ఒక్క క్షణం ఆగిందంటే మాత్రం అరికాలి మంట నెత్తికెక్కేది. పొద్దున అత్త పాలగిన్నె తీసుకునే వేళకు ఆయన బటను మీద వేలు పెట్టుకుని కాచుకుని ఉండేవాడు.

"పెట్టినావా?"

"పెట్టినా."

అప్పుడు నొక్కేవాడు. పాలు పొంగేలోపల తెర వెలిగితే ఆయన గెలిచినట్టు. ఎవరు గెలుస్తారోనని అత్త కూడా తెర వైపే చూస్తూ నిలబడేది, పాలు పొంగి పొయ్యి ఆరిపోయేది. "గెలిచినావులే. ఇంక వచ్చి పొయ్యి తుడువు" అనేది. తుడిచేవాడు కూడా.

ఈ గెలుపు కోసం ఆయన పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. తెర వెనక బొమ్మ తీసేశాడు. తెర మీది కిటికీలు సోకుగా తెరుచుకోవడం మాన్పించాడు. చెన్నై నుంచి మెమరీ తెప్పించి బిగించాడు. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం కంచంలో అన్నం చల్లారిపోయేది. నాకు ఒళ్ళు మండేది.

"మామా, దీంతో మనకు మిగిలేది రెప్ప కొట్టేంత. దానికి పూటంతా పోసినావు. ఆ మిగిలింది యాడ దాచిపెట్టినావు?"

"దినమూ మిగలతాది గదమ్మణ్ణీ. కొంజం కొంజంగా చేరతాది."

"చేరేలోపల ఇంకోటి మారుస్తావు గదా."

నవ్వేవాడు. ఒక్కోసారి మాత్రం నవ్వకుండా, "పని మధ్యలో అది ఆగితే నా చెయ్యి చల్లారిపోతాది. చెయ్యి చల్లారితే ఆకు వంపు పోతాది" అనేవాడు. అందులో నిజం లేకపోలేదు. ఆయన ఒక ఊపులో గీసిన ఆకుకు, ఆగి ఆగి గీసిన ఆకుకు తేడా నాకు తెలిసేది.

అసలు చిక్కు వేరే ఉంది. మా ఇళ్ళల్లో మగ్గాన్ని ఖాళీగా వదలరు. ఒక పడుగు అయిపోవస్తుంటే దాని కొసల్ని మగ్గం మీదే ఉంచి, కొత్త పడుగు పోగుల్ని వాటికి ఒక్కొక్కటిగా ముడివేస్తారు. మళ్ళీ మొదటినుంచి పోగులెక్కించే చాకిరీ తప్పుతుంది. ఖాళీ మగ్గం ఇంటికి మంచిది కాదని ఒక నమ్మకం కూడా. మామ కంప్యూటరును కూడా మగ్గంలాగే చూశాడు. కొత్తది ఎక్కించేవాడే గాని పాతది తీసేవాడు కాదు. వేగం పెంచే ప్రోగ్రాము ఒకటి పెట్టాడు. అది చాల్లేదని ఇంకొకటి పెట్టాడు. రెండూ పోట్లాడుకుంటున్నాయని వాటిని సర్దడానికి మరొకటి పెట్టాడు. చివరికి వేగం పెంచేవాటిని మోయలేకే ఆ మిషను చతికిలపడడం మొదలుపెట్టింది. అన్నీ తుడిచేసి కొత్తగా ఎక్కిద్దామంటే మొహం మాడ్చుకునేవాడు.

"ఖాళీ చేసేదా? పాత కొస లేకుంటే కొత్తది దేనికి కడతావు?"

కంప్యూటరుకు కొసలుండవని ఎంత మొత్తుకున్నా చెవికెక్కించుకోలేదు. మనిషి మంచివాడే. మొండి.

మా వరసలో మూడో ఇంట్లో ఒక అక్క ఉంది. భర్త పోయాడు, ఒక్కతే నేసుకుని బతుకుతుంది. కొన్నేళ్ళ కిందట ఆమె పడుగు మగ్గం ఎక్కి, అంచు డిజైను ముగింపుకు వచ్చిన సమయంలో మామ ఉండబట్టలేక వేగం కోసం మళ్ళీ ఏదో మార్చాడు. మిషను అసలు లేవలేదు. దాన్ని లేపి, పోయిన డిజైనును మళ్ళీ గీసేలోపల ఊరికే ఉన్న పడుగులో గంజి ఎండి పోగులు తెగిపోయాయి. పడుగంతా కోసి పారేయాల్సి వచ్చింది. అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. అరవలేదు.

"నీ మిషను పరిగెత్తల్లని నా మగ్గం నిలబెట్టినావన్నా" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

మామ ఆ రోజు అన్నం ముట్టలేదు. అప్పటినుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నాడు. ఎవరి పడుగైనా మగ్గం మీద ఉంటే, వాళ్ళకు అట్టలు అందేదాకా కంప్యూటరులో దేన్నీ మార్చకూడదు. మిగతా రోజుల్లో ఆయన పిచ్చి ఆయనదే.

తర్వాత కిడ్నీలు చెడిపోయాయి. ఒకరోజు విడిచి ఒకరోజు ఆటోలో తిరువళ్ళూరు వెళ్ళి రక్తం శుద్ధి చేయించుకుని రావాలి. వెళ్ళొచ్చిన రోజు మంచం దిగలేడు. మరుసటి రోజు ఎండ ముదిరేదాకా కాస్త కూర్చోగలిగేవాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే మూడో ఇంటి అక్క మళ్ళీ వచ్చింది. కొట్టాయన కొత్త అంచు అడిగాడట, పడుగు కూడా ఇచ్చేశాడట, ఆమె మగ్గానికి ఎక్కించేసింది కూడా.

"ఈ తూరి పోతే నాకింక పడుగు ఇయ్యనన్నాడన్నా. నీ చేతి ఆకే కావల్లంట" అంది నేల చూపులు చూస్తూ.

"ఇస్తాను పోమ్మా" అన్నాడు మామ.

అత్త నా వైపు చూసింది. నేను గీస్తానన్నాను, గీసి చూపించాను కూడా. ఆకు ఆకులాగే ఉంది, వంపే రాలేదు. అక్క చూసి బాగుందంది గాని కొట్టాయన దగ్గరికి తీసుకుపోతానని అనలేదు.

అలా మొదలైంది. ఆయన కూర్చోగలిగేది కాసేపు, ఆ కాసేపట్లో సగం మిషనే మింగేసేది. గళ్ళు నింపి నొక్కితే తెర బిగుసుకుపోయేది. ఆయన చెయ్యి మౌసు మీదే ఎదురుచూసేది. ఇన్నేళ్ళు వేగం పిచ్చి వద్దని పోరిన నేనే చివరికి బతిమాలాను.

"మామా, కొత్త డిస్కు వేయిస్తాను. ఆ చెత్తంతా తీసేస్తాను. ఒక్క రోజు ఇయ్యి నాకు."

"ఒక రోజంటావు. డిస్కు మారిస్తే డిజైను సాఫ్టువేరు మళ్ళా ఎక్కియ్యల్ల. పాతది గదా, అది సీక్రంగా ఒప్పుకోదు. ఒప్పుకున్నా ఇంకోటి యాడో తప్పుతాది. నాకు తెలీదా? నేను బతుకంతా చేసిందదే గదా."

"అయినాక ఎగురుకుంటా పోతాది."

"అయ్యేదాకా నేనుండల్ల గదమ్మణ్ణీ."

ఆయన తెర వైపే చూస్తూ, "నా దగ్గరుండేది ఈ పొద్దుటి పూటలే. దీన్ని బాగుచేసేదానికి పెట్టేదా, ఆకు గీసేదానికి పెట్టేదా? రెంటికీ చాలవు" అన్నాడు. కోపం లేదు, బాధ లేదు. అదే నాకు మరీ కోపం తెప్పించింది. పెరట్లోకి పోయి అత్త మీద విరుచుకుపడ్డాను, నువ్వయినా చెప్పకూడదా అని.

"ఆయన లెక్క సరిగానే ఉండాది" అంది అత్త బట్టలు పిండుతూ. "ఇన్నాళ్ళకు సరిగ్గా వేసినాడు."

అక్క మొదట్లో రోజూ వచ్చి ఎంతవరకు వచ్చిందని అడిగేది. మామ మొహం చూసి అడగడం మానేసింది. తేమ పోకుండా తన పడుగు కింద తడి గోనెపట్టాలు పరిచి, పొద్దున సాయంత్రం నీళ్ళు చల్లుతూ కూర్చుంది. ఆ ఇంటి ముందునుంచి వెళ్ళడం మానేసి నేను చుట్టూ తిరిగి పోయేదాన్ని. ఎవరికి ముందు టైమైపోతుందో, మామకా పడుగుకా అని మనసులో వచ్చే ప్రశ్నకు నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

అంచు ముగింపుకు వచ్చిన పొద్దున మిషను పూర్తిగా బిగుసుకుపోయింది. ఆ రోజు గీసిందంతా ఇంకా దాచలేదు. బాణం గుర్తు కదలడం లేదు. తెర తెల్లబోయింది. నా చెయ్యి దానంతటదే బటను మీదికి పోయింది. మామ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ముట్టుకోవద్దు."

"చచ్చిపోయింది మామా అది."

"లేదు. ఆలోచిస్తా ఉండాది. ఆలోచించనీ."

ఆయన వేళ్ళు చల్లగా ఉన్నాయి. వదల్లేదు. పెట్టె లోపల ఫ్యాను రొద పెరుగుతూ పోతోంది. అత్త గడపలో నిలబడిపోయింది. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చేసింది, ఆయన ఇక కూర్చోలేడని ఆ వాలిన భుజాలే చెబుతున్నాయి. జీవితంలో ఎన్నడూ దేనికీ అంతసేపు ఎదురుచూడని మనిషి, కళ్ళు తెరకు అప్పగించి అలాగే ఉండిపోయాడు. నేను మనసులో తిరుత్తణి కొండ మీది స్వామికి మొక్కుకున్నాను.

తెరకు రంగు తిరిగొచ్చింది. ఆకులన్నీ ఉన్నాయి.

"దాచిపెట్టు సీక్రం" అన్నాడు మామ. నా మణికట్టు అప్పుడు వదిలాడు. అది ఎర్రగా కమిలి ఉంది.

ఆ వారంలోనే అంచు ముగిసింది. పెన్ డ్రైవు జాకెట్లో దోపుకుని రైలెక్కి తిరువళ్ళూరు పోయాను. అట్టలు కొట్టించి, వరసగా కుట్టించి, మూట ఒళ్ళో పెట్టుకుని తిరుత్తణిలో దిగాను. అక్క మూట అందుకుని, రెండు చేతులతో గుండెకు ఆనించుకుని లోపలికి పోయింది. ఆమె పడుగు బతికే ఉంది.

మరుసటి పొద్దున ఆసుపత్రికి వెళ్ళే రోజు. రాత్రినుంచి మామకు ఆయాసంగా ఉంది, ఆలస్యం చేయకుండా తీసుకురమ్మని ఆసుపత్రి వాళ్ళు చెప్పారు. ఆటో మూడో ఇంటి ముందుకు రాగానే ఆపమన్నాడు. వద్దు మామా అన్నాను, అత్త వద్దంది. ఆయన అప్పటికే కాలు కింద పెట్టాడు. నా భుజం పట్టుకుని లోపలికి వచ్చి మగ్గం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"కానీమ్మా" అన్నాడు అక్కతో.

అక్క పెడలు తొక్కింది. పైన అట్ట ఒకటి తిరిగింది, పోగులు లేచాయి, పేక దారం మోసే నాడె ఇటునుంచి అటు పోయింది. ఒక పోగు. మళ్ళీ తొక్కింది. ఇంకో పోగు. అంచులో ఆకు కాడ మాత్రమే కనిపిస్తోంది, జరీ గీతలాగా. ఎంత నేసినా కంటికి పెరిగినట్టే లేదు. బయట ఆటో హారన్ మోగింది. అత్త గుమ్మంలోకి వచ్చి నన్ను కళ్ళతోనే తొందరపెట్టింది.

"పోదాం మామా. టైమైపోయింది."

"ఉండమ్మణ్ణీ. ఆకు కొన తిరగనీ."

మళ్ళీ హారన్. మామ ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులానించి, రెప్ప వేయకుండా చూస్తున్నాడు. అక్క కళ్ళ నీళ్ళు తుడుచుకోవడానికైనా ఆపకుండా నేస్తోంది. కాడ వెడల్పయింది, ఆకయింది, పోగు పోగుకూ సన్నబడుతూ, ఇంకా సన్నబడుతూ, మెల్లగా పక్కకు ఒరగడం మొదలుపెట్టింది.