గోనె అడుగున తడి ఇసుక

మొన్న మద్దిలపాలెంలో మందుల దుకాణానికి బయల్దేరినవాణ్ణి, రోడ్డు మీద జనం మూగి ఉండటం చూసి ఆగిపోయాను. కుర్రకారు బండ్లకు బిగించుకున్న గోలగోల సైలెన్సర్లను పోలీసులు ఊడబీకించి, వరసగా పేర్చి, వాటి మీద రోడ్డు రోలరు నడిపిస్తున్నారు. ఒక్కొక్కటీ అప్పడంలా నలుగుతుంటే జనం చప్పట్లు. పక్కన నిలబడ్డాయనకు చెప్పకుండా ఉండలేకపోయాను. ఒకప్పుడు నా చేత్తో నేనే ఒక గొట్టం చేశాననీ, దాన్ని మా నాన్న పాత బండికి బిగించి ఇక్కడ కిక్కు కొడితే పాతిక కిలోమీటర్ల అవతల భీమిలిలో వలలు బాగుచేసుకునేవాళ్లు తలెత్తి చూసేవారనీ, దాని మీదికి ఈ రోలరెక్కితే రోలరే పంక్చరయ్యేదనీ చెప్పాను. ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. ఇంటికొచ్చి మాత్రలు వేసుకున్నాక మనసొప్పలేదు. భీమిలి అబద్ధం. గాలి అనుకూలంగా ఉంటే రెండు వీధుల అవతలికి వినపడేది. రోలరు సంగతి మీకే తెలుసు. నా చేత్తో చేశానన్నది ఆ రెంటికన్నా పెద్ద అబద్ధం. ఆ గొట్టం చేసింది మా బావ, అక్క మొగుడు. ఆయనకూ నాకూ ఇరవై ఏళ్లకు పైగా మాటల్లేవు. పెళ్లిళ్లలో మమ్మల్ని ఒకే బంతిలో కూర్చోబెట్టకుండా చూసుకోవడం మా బంధువులకు ముహూర్తం పెట్టుకోవడం కన్నా ముఖ్యమైన పని.

నాన్న బండి ఇంగ్లండులో పుట్టిన ఒంటి సిలిండరు బండి. రేవుకొచ్చిన ఓడలో దొర ఒకడు తన పనితనం మెచ్చి బహుమానంగా ఇచ్చి వెళ్లాడని నాన్న చెప్పేవాడు. వేలంలో కొన్నాడని అమ్మ చెప్పేది. కోతలు నాకు ఎక్కడినుంచి వచ్చాయో దీన్నిబట్టి అర్థం చేసుకోండి. నాన్న పోర్టు వర్కుషాపులో క్రేన్లు బాగుచేసేవాడు. సాయంత్రం ఆ బండి వీధి మొదట్లోకి వచ్చిందంటే ఇంట్లో అందరికీ తెలిసిపోయేది. నింపాదిగా, ఒక్కో దెబ్బకూ మధ్య ఊపిరి పీల్చుకునేంత ఖాళీ ఇచ్చి, బోలు దుంగ మీద పిడికిలితో కొట్టినట్టుండేది ఆ చప్పుడు. అది వినపడగానే అమ్మ చారు పొయ్యి మీద పెట్టేది. అయితే మా ఊరి ఉప్పుగాలికి ఇనుమంటే మహా ఇష్టం. నాన్న మంచాన పడేనాటికి ఆ గాలి సైలెన్సరునూ దాని గొట్టాన్నీ తిని అరిగించుకుంది. తొంభైల నడుమ ఆయన పోయినప్పుడు బండి మా వరండాలో మూగగా నిలబడి ఉంది.

తగువు అక్కడే పుట్టింది. ఆసుపత్రిలో ఉండగా నాన్న తనను దగ్గరికి పిలిచి, బండి నువ్వుంచుకో అల్లుడూ అన్నాడని బావ అన్నాడు. ఆ వారమంతా నాన్న కిటికీ బయటి కొబ్బరి చెట్టుతో కూడా మాట్లాడాడనీ, దానికేం రాసిచ్చాడో కనుక్కుని రమ్మనీ నేను అన్నాను. పన్నెండో రోజు భోజనాల దగ్గర అన్నాను ఈ మాట. బావ విస్తరి ముందునుంచి లేచిపోయాడు. అప్పటికే మాకు సరిపడేది కాదు. ఆయన గాజువాక దగ్గర, ఉక్కు ఫ్యాక్టరీలో పైపు ఫిట్టరు. నేను పోర్టు ఆఫీసులో గుమస్తాను. నా చేతులు చూసి ఆయన నవ్వేవాడు, ఆయన చేతులు చూసి నేను ముక్కు మూసుకునేవాణ్ణి. ఆయన పైపు వంచితే ముడత పడదని ఫ్యాక్టరీలో పేరు. వంపు లోపలి వైపు వేలు పెట్టి రాస్తే చంటిపిల్ల బుగ్గలా ఉంటుందని తోటివాళ్లు చెప్పుకునేవారు. ఇంట్లో ఆయన గొప్పదనం గురించి ఎవరైనా మాట్లాడితే నాకు తిన్నది వెగటుగా ఉండేది.

చివరికి అక్క తీర్పు చెప్పింది. నాన్న సంవత్సరీకం నాడు ఆ బండి మళ్లీ మునుపటిలా కూయాలి, ఎవరు కూయిస్తే బండి వాళ్లది. ఈ తీర్పు మొగుడి పక్షపాతమని నేను నెల్లాళ్లు ఊరంతా చాటాను. విడిభాగాలు ఎక్కడా దొరకవు, గొట్టం కొత్తగా చేయాల్సిందే. నేను ఒక మెకానిక్కుతో రేకు చుట్టించి అతికించి, బండికి బిగించి అక్క ఇంటికి నడుపుకెళ్లాను. బండి మోగింది. బావ గుమ్మంలో నిలబడి విని, తన పక్కింటాయనతో, నాకు వినపడేలా, "డబ్బాలో గులకరాళ్లేసి ఆడిస్తన్నాడ్రా" అన్నాడు. వారం తిరక్కుండా అతుకు ఊడి గొట్టం రోడ్డు మీద పడింది. దాని మీదినుంచి సిటీ బస్సు పోయింది. రోలరు కింద నలిగినవాటిని చూసి మొన్న నాకు ముందు గుర్తొచ్చింది అదే.

ఇప్పుడు బావ పద్ధతి చెప్పాలి, లేకపోతే నా ఘనకార్యం మీకు అర్థం కాదు. ఉత్త గొట్టాన్ని వంచితే అరటి దొప్పలా నొక్కుకుపోతుంది. అందుకని అందులో ఇసుక కూరి, రెండు మూతులకూ చెక్క బిరడాలు దిగ్గొట్టి, కొలిమిలో ఎర్రగా కాల్చి, మెల్లిగా వంచుతారు. లోపలి ఇసుక గోడల్ని నొక్కుకోకుండా పట్టుకుంటుంది. షరతు ఒక్కటే. ఇసుక ఎముకలా ఆరి ఉండాలి. చెమ్మ ఉంటే ఆవిరై, బయటికి దారి లేక, బిరడాను ఫిరంగి గుండులా తన్నేస్తుంది. అందుకే ఫిట్టర్లు ఇసుకను పెనం మీద వేయిస్తారు. ఎంత నమ్మినవాడు తెచ్చినా, వంచేవాడు తన చేత్తో అడుగు దాకా చూసుకోవాలన్నది వాళ్లలో ఆనవాయితీ.

ఇక వంతు బావది, ఆ ఇసుక తెచ్చే పని అక్క నాకు అప్పజెప్పింది. నాన్న బండికి కొడుకు చెయ్యి బొత్తిగా పడకపోతే బాగోదంది. వేయించాలని బావ అక్కతో చెప్పించాడు, అక్క నాకు మూడుసార్లు చెప్పింది. నేను స్కూటరేసుకుని భీమిలి రోడ్డులో సముద్రం ఒడ్డున గోనెడు ఇసుక ఎత్తుకొచ్చి మా మేడ మీద కుమ్మరించాను. ఎండ మండిపోతోంది. సాయంత్రానికి పైనంతా తెల్లగా, వెచ్చగా, చూడముచ్చటగా ఉంది. పార పెట్టి తిరగెయ్యలేదు, పెనం ముట్టుకోలేదు. పైపొర ఒక బకెట్టులోకి తీసి, కిందిది ముందు గోనెలో పోసి, దాని మీద ఈ పొడి ఇసుక పోశాను. బద్ధకం అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. బద్ధకస్తుడు రెండుసార్లు ఎత్తిపోస్తాడా?

ఆ ఆదివారం బావ పెరట్లో ఫ్యాక్టరీవాళ్లు అరడజను మంది చేరారు, పనితనం చూడటానికి. బావ గోనెలో మణికట్టు దాకా చెయ్యి పెట్టి చూశాడు. వెచ్చటి పొడి ఇసుక. అప్పుడు అక్క ఇక చాలన్నట్టు ఆయన వైపు చూసింది, ఆ చూపుకు బావ ఇంకా లోతుకు పెట్టబోయిన చెయ్యి వెనక్కి తీశాడు. బావమరిదిని నలుగురిలో నమ్మనట్టు కనపడకూడదని కాబోలు. గొట్టంలో పోసే పని నాదే. ఆయన సుత్తితో తడుతూ, చప్పుడు చెవి పెట్టి వింటూ, ఎక్కడ బోలుగా ఉందో చూసుకుంటున్నాడు. గోనె సగమయ్యాక ఇసుక నా చేతికి చల్లగా తగిలింది. నాకు తెలిసింది. చుట్టూ అంతమంది ఉన్నారు, ఒక్క మాట అంటే సరిపోయేది. నేను అదే వేగంతో పోస్తూ పోయాను.

గొట్టం ఎర్రబడి, బావ వంచడం మొదలుపెట్టిన క్షణానికి బిరడా లేచిపోయింది. పెరటి గోడ మీదినుంచి ఎగిరి పక్కింటి నీళ్ల డ్రమ్ముకు కన్నం పెట్టింది. ఇది కోత కాదు, ఆ డ్రమ్ము నేను చూశాను. కాలిన ఇసుక బావ ముంజేతి మీద పడింది. గొట్టం నడుం విరిగి నొక్కుకుపోయింది. అప్పుడు నేను, నోరు ఎందుకు తెరిచానో కానీ తెరిచి, "వడియాలెట్టుకునే ఆడోళ్లకి కూడా తెలుసు, ఎండబెట్టాలని. నీకు తెల్దా బావా?" అన్నాను. ముందు ఒకడు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు.

బావ కాలిన చేత్తోనే గోనెను తలకిందులు చేసి, అడుగున మిగిలిన ఇసుక గుప్పిట్లోకి తీసి నొక్కాడు. ఉండ కట్టింది. దానివైపు చూశాడు, నావైపు చూశాడు. అక్క నోరు తెరవబోయింది. "ఒల్లకుండు," అన్నాడు ఆమెతో. వాళ్లందరి వైపూ తిరిగి, "నాదే తప్పు. సూసుకోనేదు నాను" అన్నాడు.

ఏళ్ల తరబడి కూడబెట్టిన పేరు ఆ మాటతో పోయింది. 'తడి ఇసుక' అన్న పేరు మర్నాటికి ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికెళ్లింది. దాన్ని గేటు దాకా మోసుకెళ్లినవాణ్ణి నేనే. టీ కొట్టు దగ్గర ఆ కథ నేను చెప్పినంత బాగా ఇంకెవరూ చెప్పలేదు. చెప్పినప్పుడల్లా బిరడా ఇంకో పది గజాలు దూరం వెళ్లేది. ఆయన రిటైరయ్యే రోజు దండ వేస్తూ కూడా ఎవడో ఆ పేరుతోనే పిలిచాడట.

సంవత్సరీకం నాటి ఉదయం తద్దినం పెట్టడానికి కూర్చోబోతుంటే బావ వచ్చాడు. చేతికి కట్టు ఉంది. సంచిలోంచి గొట్టం తీశాడు. ఇసుక తనే తెచ్చి, తనే వేయించి, ఎవరినీ పిలవకుండా చేశాడట. వంపు మీద వేలితో రాసి చూశాను, దొంగతనంగా. ముడత లేదు. బావ దాన్ని బిగించి, ఒక్క కిక్కు కొట్టాడు. బోలు దుంగ మీద పిడికిలి దెబ్బలు, మధ్యలో ఊపిరి పీల్చుకునేంత ఖాళీ. వంటింట్లోంచి అమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చింది. వీధి మొదటి దాకా చూసి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

తీర్పు ప్రకారం బండి బావది. ఆయన ఇంజను ఆపి, తాళం అక్క చేతిలో పెట్టి, "ఆడికే ఇచ్చీ. దానెక్కితే ఆడి మొకమే గుర్తొత్తాది" అని చెప్పి, భోజనానికి కూడా ఆగకుండా వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం సామాన్ల పెట్టె తెరిస్తే, స్పానర్ల మధ్య ముడివేసిన ప్లాస్టిక్ కవరు కనపడింది. అందులో గుప్పెడు తడి ఇసుక. చీటీ లేదు. అక్కర్లేదు కూడా.

ఆ బండి మీద పదేళ్లు తిరిగాను. ఎవరడిగినా గొట్టం నేనే వంచానన్నాను. ఇంజను చచ్చాక ఇనప కొట్టుకు వేశాను, కవరు మాత్రం నాతోనే ఇళ్లు మారింది. రోలరును చూసిన మర్నాడు గాజువాక వెళ్లాను. బావ గేటు తెరవకుండానే, "ఏటి, ఇప్పుడొచ్చావ్?" అన్నాడు. ముందు రోజంతా కూడబలుక్కున్న మాటలు చెప్పాను. ఆ మేడ, ఆ బకెట్టు, చేతికి చల్లగా తగలడం, అన్నీ. గేటు ఊచ పట్టుకుని చివరిదాకా విన్నాడు. ముంజేతి మీద ఆ మచ్చ ఇంకా నిగనిగలాడుతోంది.

"తెచ్చింది నువ్వని తెలిసీ అడుగుదాకా సూడనేదు. అది నా తప్పు, ఒప్పుకున్నాను," అన్నాడు. "నీది ఒప్పుకోడానికి ఇన్నేళ్లా? ఎల్లు. ఎండెక్కుతాది."

ఇంటికొచ్చి కవరు ముడి విప్పాను. గుప్పిట్లోకి తీసుకుని నొక్కితే, ఉప్పుతో పుట్టిన ఇసుక కదా, చెమ్మ వదలక ఇంకా ఉండ కడుతోంది. కాలం అన్నిటినీ ఆరబెడుతుందంటారు. అది కూడా నాలాగే మేడ మీద కుమ్మరించి వదిలేసే రకం, తెల్లబడేది పైపొర ఒక్కటే.